బోరు వేసే ముందు పైనుంచి ఒక చూపు

బోరు వేయించాలన్న మాట ఇంట్లో రాగానే మగవాళ్లకి రిగ్గు బండి గుర్తొస్తుంది. మనకేమో బీరువాలోని గొలుసు గుర్తొస్తుంది. పల్నాడులో ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల బంగారం తాకట్టుకు వెళ్లేది బోరు కోసమే. నీళ్లు పడితే సరేసరి. పడకపోతే గొలుసూ రాదు, బిందె మోత కూడా తప్పదు. కాబట్టి బోరు ఎక్కడ వేయాలనే విషయంలో మన మాట కూడా ఉండాలి.

గురజాల వైపు నేల కింద ఉన్నదంతా చాలావరకు సున్నపురాయి, నాపరాయి. ఈ రాయి నీటిని తనలోకి పీల్చుకోదు. రాతి పగుళ్లలో, సున్నం కరిగి ఏర్పడిన సందుల్లో మాత్రమే నీరు నిలుస్తుంది. అందుకే ఒక పొలంలో నీళ్లు పడితే, గట్టు అవతల పొలంలో ఉత్త దుమ్ము లేస్తుంది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక కాలువ కింద పొలాల దశ తిరిగింది. కాలువ ఎక్కని మెట్ట పొలాలకు మాత్రం బోరే దిక్కు.

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచి, అది లేచి నిలబడిన చోట గుర్తు పెట్టడం మనకు తెలిసిన పద్ధతే. దానికి శాస్త్రం ఆధారం ఏదీ లేదు. మరి ఉపగ్రహం చెప్పగలదా?

ఉపగ్రహానికి భూమి లోపలి నీరు కనిపించదు. అది చూసేది పైపైనే. అయితే మన కంటికి అందని కాంతిలో కూడా చూస్తుంది. ఆ ఫొటోల్లో పచ్చని పైరు ఎర్రగా, చెరువు నీరు నల్లగా కనిపిస్తాయి. ఎండాకాలంలో కూడా ఒక గీతలాగా పచ్చదనం నిలిచిందంటే, వాగు ఉన్నట్టుండి తిన్నగా పారిందంటే, ఆ గీత కింద రాతి పగులు ఉండే అవకాశం ఎక్కువ. పగులు ఉన్నచోట నీటికి ఆశ ఉంటుంది.

మన దేశపు మొదటి పూర్తిస్థాయి (ప్రయోగదశ దాటిన) దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్-1ఎ 1988 మార్చి 17న ఎగిరింది. ఇలాంటి ఉపగ్రహాల చిత్రాలను షాద్‌నగర్ కేంద్రం అందుకుంటుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం వాటితో భూగర్భ జలాల మ్యాపులు తయారుచేయించింది. తాగునీటి పథకం కోసం 1999లో మొదలైన ఆ పనిలో మన రాష్ట్రం మొదటి విడతలోనే ఉంది.

ఆ మ్యాపులో ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. ఎకరం పొలం ఆవగింజంత! కాబట్టి మ్యాపు ‘ఈ చుట్టుపక్కల వెతకండి’ అంటుంది, అంతే. ఆ తరవాత జియాలజిస్టు వచ్చి, నేలలో కడ్డీలు గుచ్చి, కరెంటు పంపి పరీక్ష చేసి చోటు నిర్ణయించాలి.

వాన సంగతికొస్తే, ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నారు పెద్దలు. 2014లో అమెరికా, జపాన్ కలిసి పంపిన జి.పి.ఎం. ఉపగ్రహం సాయంతో ఇప్పుడు అరగంటకోసారి వాన లెక్క కడుతున్నారు. కానీ ఆ లెక్కలో ఒక్కో గడి సుమారు పది కిలోమీటర్లు. ఊరి చివర కురిసి ఊళ్లో కురవని వానను అది విడదీయలేదు. మండలంలోని వానకొలత పాత్ర పని ఇంకా అయిపోలేదు.

అసలు హెచ్చరిక మరో చోట ఉంది. గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలోని తేడాను బట్టి నీటి బరువును తూచాయి. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 2002-2008 మధ్య 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిపోయిందని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఇప్పటి సామర్థ్యంతో చూస్తే నిండు నాగార్జునసాగర్‌లు పన్నెండు! ఎంత మంచి చోట వేసిన బోరైనా, ఇంకినదానికన్నా ఎక్కువ తోడితే ఎండక తప్పదు.

అందుకని గొలుసు తీసి ఇచ్చే ముందు మూడు విషయాలు అడగండి. భూగర్భ జల శాఖలో మ్యాపు చూశారా? కరెంటు పరీక్ష చేయించారా? 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకున్నారా? బోరు పడ్డాక నాలుగో పని కూడా ఉంది. దాని పక్కనే ఇంకుడుగుంత తవ్వించండి.