వ్యక్తులు సమాజమయ్యే విధం

సంతలో వెయ్యిమంది చేరుతారు. వారిలో ఒకరు ఇంటిదారి పట్టినా తక్కినవారికి తెలియదు. పత్తి చేలో సాళ్లు పంచుకొని పత్తి తీసే జట్టులో పదిమందే ఉంటారు. అయినా ఒకరు రాకపోతే ఆ సాలు ఎవరు తీయాలన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. మొదటిది గుంపు, రెండవది సమూహం. సమూహం సంఖ్య వల్ల ఏర్పడేది కాదు. ఒకరి పనిపై మరొకరు ఆధారపడటం వల్ల, ఎవరు ఏమి చేయవలెనో అందరికీ తెలిసి ఉండటం వల్ల ఏర్పడుతుంది. ఇటువంటి సమూహాల అల్లికనే సమాజం అంటారు.

ఈ అల్లికలో బంధాలు ముఖ్యంగా రెండు రకాలు. కుటుంబం, బంధువర్గం, కులం, ఊరు పుట్టుకతో వచ్చేవి. వర్తక సంఘం, సహకార సంఘం, కంపెనీ వంటివి ఒక ప్రయోజనం కోసం మనుషులు కోరి కల్పించుకొనేవి. మొదటివాటిని ఆచారం నిలుపుతుంది, రెండవవాటిని ఒప్పందం నిలుపుతుంది. జర్మన్ సమాజశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ టోనీస్ 1887లో ప్రచురించిన గ్రంథంలో ఈ భేదాన్ని విశదీకరించాడు.

రెండవ రకం ఈ కాలంలోనే పుట్టినదనుకోరాదు. 1892లో భట్టిప్రోలు స్తూపంలో బయల్పడిన ధాతుకరండాల మీది శాసనాలలో నిగమ సభ్యుల పేర్లు, గోష్ఠుల ప్రస్తావన ఉన్నాయి. ఇవి క్రీస్తు పూర్వపు నాటివి. తుళ్లూరుకు పడమట కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతిలో విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని దానమిచ్చాడు. శాసనంలో అతడు తల్లిని, భార్యను, సోదరులను, బిడ్డలను, మిత్రులను కూడ కలుపుకొన్నాడు. అనగా ఆనాడే బంధుత్వం, వృత్తి, మతం ఒకే మనిషిలో పెనవేసుకొని ఉన్నాయి.

తుళ్లూరు ప్రాంతంలో 2014 వరకు ఈ బంధాలలో అధికభాగానికి ఆధారం భూమి. మెట్టలో పత్తి, కృష్ణ ఒడ్డు జరీబులో అరటి, కూరగాయలు, పూలు పండేవి. రైతుకు భూమి ఆస్తి. కౌలుదారుకు, కూలీకి అది సొంతం కాకపోయినా జీవనాధారమే.

రాష్ట్ర విభజన తరువాత నూతన రాజధాని కోసం 2015లో భూసమీకరణ జరిగినది. రైతులు సుమారు 33 వేల ఎకరాలు అప్పగించారు. ఎకరం మెట్టకు 1,000 చదరపు గజాల నివాసస్థలం, 250 చదరపు గజాల వాణిజ్యస్థలం ఇస్తామనీ, పదేళ్లపాటు ఏటా కౌలు చెల్లిస్తామనీ ప్రభుత్వం ఒప్పుకొన్నది. మొదటి ఏటి కౌలు మెట్టకు రూ. 30,000, జరీబుకు రూ. 50,000. ఆచారం మీద నడిచిన సంబంధం ఆ విధంగా ఒప్పందంగా మారినది.

అయితే సంతకం చేసినవాడు భూయజమాని. కూలీ సంతకం చేయలేదు. చేయడానికి అతని పేర పట్టా లేదు. భూమిలేని కుటుంబాలకు నెలకు రూ. 2,500 పింఛను ఏర్పాటైనది. అది కూలిడబ్బుకు కొంత బదులు కాగలదు గాని, చెదరిన జట్టుకు బదులు కాలేదు. సమాజవ్యవస్థ మారినప్పుడు నష్టం అందరికీ ఒకే తీరున ఉండదు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినది. ఒప్పందాలు కాగితం మీది షరతులతోనే నిలవవనీ, వాటి వెనుక సమాజమిచ్చే నియమం, నమ్మకం ఉండవలెననీ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎమిల్ దుర్ఖైమ్ 1893లోనే వివరించాడు. ఇక్కడ ఆ నమ్మకమే ప్రశ్నార్థకమైనది. అప్పుడు వేరువేరు గ్రామాలవారు అమరావతి పరిరక్షణ సమితిగా ఏర్పడ్డారు. స్త్రీలు దీక్షాశిబిరాలలో ముందు నిలిచారు. 2021 నవంబరు 1న తుళ్లూరు నుంచి తిరుపతికి పాదయాత్ర బయలుదేరినది. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు ఇచ్చినది. 2024లో ప్రభుత్వం మారిన తరువాత రాజధాని పనులు తిరిగి చేపట్టబడ్డాయి.

దీనినిబట్టి ఒక విషయం గ్రహించవచ్చు. పాత బంధాలు ఒక్కసారిగా నశించవు. కొత్త సమితికి మనుషులను తెచ్చేవి తరచుగా పాత ఇరుగుపొరుగు, బంధుత్వాలే. విద్యార్థులు తమ ఊరిలోని సంఘాల పట్టిక వ్రాసి, వాటిలో పుట్టుకతో వచ్చినవేవో, కోరి ఏర్పరచుకొన్నవేవో గుర్తించవచ్చు. వాటి నిర్ణయాల ఫలితం అనుభవిస్తూ వాటిలో మాటలేనివారెవరో కూడ ఆ పట్టికలో వ్రాయవలెను. అప్పుడే ఆ సమాజపు చిత్రం పూర్తి అవుతుంది.