మీకు తెలుసా? శవం చుట్టూ తిరిగిన నెల్లూరు బిడ్డ సినిమా

చీకటి హాస్యం అనగానే హిందీలో కుందన్ షా తీసిన ‘జానే భీ దో యారో’ (1983) గుర్తొస్తుంది. జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతో తీసిన ఆ సినిమాలో ఒక అధికారి శవమే కథను నడిపిస్తుంది. అదే పని 13 ఏళ్ల ముందే చేసినవాడు మన పెన్నా ఒడ్డువాడు. ‘ఫిడేలు రాగాల డజన్’ (1939) కవి, నెల్లూరులో పుట్టిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డి 1970లో ‘సంస్కార’ తీశారు. యు.ఆర్. అనంతమూర్తి నవలే దానికి ఆధారం. అగ్రహారంలో ఆచారాలను ధిక్కరించిన నారణప్ప చనిపోతాడు. దహనమయ్యేదాకా ఎవరూ అన్నం ముట్టకూడదు. కర్మ చేయడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. అతనితో కలిసి బతికిన చంద్రి తన నగలు తెచ్చి ముందు పెట్టగానే అందరికీ హక్కు గుర్తొస్తుంది. ఆకలి, ఆశ, ఆచారం మూడూ ఒక్క శవం దగ్గర బయటపడే ఆ ఘట్టాన్ని మించిన చీకటి హాస్యం నాకైతే కనిపించదు.

అది కన్నడ సినిమా కదా, పైగా గంభీరమైనది కదా అనవచ్చు. నిజమే, నవ్వించడం దాని ఉద్దేశం కాదు. కానీ చీకటి హాస్యానికి కొలత నవ్వుల లెక్క కాదు, పవిత్రమనుకున్న చోట స్వార్థాన్ని చూపగల తెగువ. ఆ తెగువకు సెన్సారు మొదట అడ్డుపడింది. తర్వాత అదే సినిమా జాతీయ ఉత్తమ చిత్రంగా నిలిచింది.