కంప్యూటరుకు బీజగణితము నేర్పుట

కృత్రిమ మేధను అభ్యసించు విశ్వవిద్యాలయ విద్యార్థులకు లిస్ప్ భాషలో తరచుగా ఇచ్చు అభ్యాసమొకటి కలదు. సంఖ్యలు కూడు యంత్రముచేత అక్షరములతో కూడిన లెక్క చేయించవలెను.

లిస్ప్‌ను అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జాన్ మెకార్తీ 1958లో రూపొందించెను. ఇందులో లెక్కయు, దానిని చేయు పద్ధతియు జాబితాలుగానే ఉండును. య×య + 3 అను సమాసమును (+ (* య య) 3) అని వ్రాయుదురు. ముందు గుర్తు, పిదప భాగములు. * అనగా గుణకారము.

దీని అవకలనమును కనుగొనవలెననుకొందము. స్థిరరాశికి 0, య కు 1 అని మొదట చెప్పుదుము. మొత్తమైనచో, ఒక్కొక్క భాగమునకు ఇదే పద్ధతిని మరల ప్రయోగించి, ఫలితములను కూడుమందుము. లబ్ధమునకు వేరొక సూత్రము నిత్తుము. పద్ధతి ఇట్లు తన్ను తానే పిలుచుకొనుట పునరావృత్తి.

జవాబు 2య రావలెను గదా! యంత్రమిచ్చునది (+ (+ (* య 1) (* 1 య)) 0). తప్పు కాదు, కాని 0 కూడినను, 1చే గుణించినను విలువ మారదని మనము చెప్పనిదే దానికి తెలియదు.

సమాకలనములో ఏ దారి పట్టవలెనో కూడ నేర్పవలెను. 1961లో జేమ్స్ స్లాగిల్ లిస్ప్‌లో వ్రాసిన ప్రోగ్రాము 86 లెక్కలలో 84 సాధించినది.

నేడు పెక్కుచోట్ల పైథాన్ వాడుచున్నారు. అయినను పాఠము మారలేదు. మనకు బాగుగా తెలిసినదనుకొన్న దానిలో చెప్పక విడిచినదెంతో యంత్రము బయటపెట్టును.