విద్యుత్తు చెత్తబండియు, మన పొలమును



కొన్ని సంవత్సరములకు పూర్వము నేనొక పట్టణమునుండి రెండు ట్రాక్టరుల చెత్త ఎరువు తెప్పించి ప్రదర్శన క్షేత్రమున చల్లించితిని. ఎరువు నల్లగా, చక్కగా మాగినట్లే కానవచ్చెను. తొలకరి దుక్కినాడు సేద్యగాని యరికాలిలో గాజుపెంకు దిగెను. ఇరువది దినములు అతడు పనికి రాలేకపోయెను. ఎరువు మంచిచెడ్డలు దిబ్బయొద్ద గాక ఇంటి వాకిటనే నిర్ణయమగునని నాకానాడు తెలిసినది. కావున వాకిటికి వచ్చు చెత్తబండిని గూర్చి రైతు విచారించుట పనిలేని పని కాదు.

ఆ బండి యిప్పుడు మారుచున్నది. 2023 జూన్ 8వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 36 చిన్న పురపాలక సంఘములకు 516 విద్యుత్తు ఆటోలను పంపెను. ఒక్కొక్కదాని వెల సుమారు 4 లక్షల 10 వేల రూపాయలు. మోయగల బరువు 500 కిలోలు. ఇది వినని వింత కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున 1917 మొదలు 1971 వరకు బ్యాటరీ బండ్లు చెత్త నెత్తినవి.

ఈ పనికి విద్యుత్తు తగియుండుటకు కారణము సులభముగా గ్రహింపవచ్చును. చెత్తబండి పది బారలు నడచి ఆగును. మరల పది బారలు నడచును. డీజిలు యంత్రము ఆగియున్నను నూనె త్రాగుచునే యుండును, పొగ గ్రక్కుచునే యుండును. విద్యుత్తు మోటారు ఆగినప్పుడు ఏమియు తినదు. కదలవలసిన క్షణముననే పూర్ణబలముతో లాగును. బ్రేకు వేసినప్పుడు చక్రముల వేగములో కొంత భాగము మరల విద్యుత్తుగా బ్యాటరీని చేరునట్టి యేర్పాటు పెక్కు బండ్లలో కలదు. దారి దినదినము ఒక్కటే యగుటచే ఎంత దూరము పోవలెనో ముందే తెలియును. రాత్రి బండి యింటనే యుండును గనుక ఛార్జి చేయుటకు కావలసినంత వేళ దొరకును.

లెక్క చూపుటకై యొక యుదాహరణము. దినమునకు 8 యూనిట్ల విద్యుత్తు పట్టుననియు, యూనిటు 8 రూపాయలనియు అనుకొన్నచో 64 రూపాయలగును. అదే దారిలో 3 లీటర్ల డీజిలు, లీటరు 100 రూపాయల వంతున, 300 రూపాయలగును. మిగులు 236 రూపాయలు. నెలకు 25 దినములు తిరిగిన 5,900 రూపాయలు. మీ యూరి దూరమును, మీ యూరి ధరలను వేసి ఈ లెక్కను మీరే సరిచూచుకొనుడు.

అయితే ఈ మిగులంతయు లాభమని మురియరాదు. జాగ్రత్తపడవలసిన సంగతులివి:

మొదటిది: బ్యాటరీ యెల్లకాలము నిలుచునది కాదు. ఎద్దు ముసలిదగునని యెరిగి దూడను పెంచినట్లు, మిగులులో కొంత సొమ్ము నెలనెలా బ్యాటరీ నిధిగా వేరుంచవలెను. ఈ నియమము లేనిచోట, బ్యాటరీ చెడిన నాడే బండి చావడిలో తుప్పు పట్టును.

రెండవది: ఛార్జి చేయు తావు గాలి వచ్చునదిగను, వాన తగులనిదిగను ఉండవలెను. ఎర్తు తప్పక వేయించవలెను. మోటారు పంపునకు లాగిన పాత తీగకు దీనిని తగిలించరాదు.

మూడవది: కొనుటకు ముందే, సమీపమున మరమ్మతు చేయువాడు గలడో లేడో కనుగొనవలెను. అమ్మినవాని వాగ్దానము కాగితముపై వ్రాయించుకొనవలెను.

నాల్గవది: బరువు మీరరాదు. తడిసిన చెత్త చూపునకు కొంచెమైనను తూకమున మిక్కిలి యుండును.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పొగలేని బండి వచ్చినంతమాత్రమున ఎరువు శుభ్రము కాదు. తడి పొడి కలిపి పోసినచో, ఆ బండియు గాజునే మోయును, ప్లాస్టిక్కునే మోయును. బండిలో అరలు వేరుగా నుండవలెను. గృహిణి చేతిలో బుట్టలు వేరుగా నుండవలెను. కూరల తొక్కలు, ఎంగిలి మెతుకులు, ఆకులు ఒక వైపు. సీసాలు, సంచులు, రేకులు వేరొక వైపు. సూదులు, మందుసీసాలు, పాత బ్యాటరీలు వీనిలో దేనితోను కలుపక ప్రత్యేకముగా నీయవలెను. తడి భాగమును పేడతోను, ఎండుటాకుతోను పొరలు పొరలుగా వేసి, తేమ యారిపోకుండ చూచి, నడుమ నడుమ తిరుగవేసినచో సుమారు మూడు నెలలలో మంచి యెరువగును. ఆల్బర్ట్ హోవర్డు ఇండోరులో చేసి చూపినది ఈ విధమే.

పెంట లేనిదే పంట లేదని మన పెద్దలనిరి. ఆ పెంట నేడు పట్టణపు వాకిళ్లలో పుట్టి, దిబ్బలలో తగులబడి పొగయగుచున్నది. కావున సహకార సంఘ సభ్యులు ఊరకుండక, రాబోవు సమావేశమున రెండు తీర్మానములు చేయుదురు గాక. ఒకటి, వేరుచేసిన చెత్తతో చేసిన యెరువునే, జల్లెడ పట్టి చూచిన పిమ్మటనే, సంఘము కొనునని. రెండు, మన పంచాయతీ బండి కొనునప్పుడు అరలు గల బండినే కొని, బ్యాటరీ నిధిని మొదటి నెలనుండియే యేర్పరుపవలెనని. కొనువాడు గట్టిగా నిలిచిననాడు అమ్మువాడు శుభ్రపరచును. అంతవరకు దున్నువాని పాదమే జల్లెడ యగును.