తెరిచీ తెరవగానే మూతపడే ఆఫీస్ సాఫ్ట్‌వేర్: మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా లోపం ఎందుకు పోదు?

దరఖాస్తు గడువు సాయంత్రంతో ముగుస్తుంది. పత్రం సిద్ధంగానే ఉంది. ఒక్క తేదీ సరిదిద్దితే చాలు. తీరా చిహ్నంపై నొక్కితే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లోగో క్షణకాలం కనిపించి మాయమవుతుంది. మరోసారి నొక్కినా అంతే. ఇలాంటి వేళ చాలామంది చేసే పని ఒకటే: సాఫ్ట్‌వేర్‌ను తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అరగంట గడిచాక మళ్లీ అదే లోగో, అదే మాయం. అప్పుడు విండోస్‌నే కొత్తగా వేయించమనే సలహా ఎక్కడి నుంచో వస్తుంది. ఫార్మాట్ చేయించాక సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది గానీ, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నవి కొన్ని దానితోపాటే పోతాయి.

నిజానికి ఇలాంటి సందర్భాల్లో లోపం ఎక్కువగా ప్రోగ్రామ్‌లో ఉండదు. ప్రోగ్రామ్ ఒక చోట, దానిని వాడే మనిషి అలవాట్లు మరో చోట నిల్వ ఉంటాయి. ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్‌నే తీసుకుంటే, విండోస్‌లో దాని ప్రోగ్రామ్ 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డర్‌లో ఉంటుంది. వినియోగదారు మార్చుకున్న సెట్టింగులు, చేర్చుకున్న పదాలు, అదనంగా తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్లు మాత్రం 'యాప్‌డేటా' అనే కంటికి కనిపించని ఫోల్డర్ లోపల, 'యూజర్' పేరుతో ఉంటాయి. దీనినే యూజర్ ప్రొఫైల్ అంటారు. లినక్స్‌లో ఇది హోమ్ ఫోల్డర్‌లోని 'కాన్ఫిగ్'లోనూ, మ్యాక్‌లో 'లైబ్రరీ'లోనూ ఉంటుంది. దానికి పై ఫోల్డర్ పేరు ఇప్పటికీ '4' అనే ఉండటం చూసి తమ సాఫ్ట్‌వేర్ పాతదని కంగారుపడేవారు ఉన్నారు. నాలుగో వెర్షన్ కాలంలో పెట్టిన ఆ అంకెను ఆ తర్వాత మార్చలేదు, అంతే.

సాఫ్ట్‌వేర్‌ను తొలగించినప్పుడు ప్రోగ్రామ్ పోతుంది, ప్రొఫైల్ పోదు. ఇది పొరపాటు కాదు. కొత్త వెర్షన్ వేసుకున్నవారికి పాత అమరికలన్నీ ఉన్నవి ఉన్నట్టే దొరకాలనే ఉద్దేశంతో చేసిన ఏర్పాటు. అయితే ప్రొఫైల్‌లోని ఒక ఫైల్ చెడిపోయి ఉంటే, కొత్తగా వచ్చిన ప్రోగ్రామ్ కూడా మొట్టమొదట చదివేది ఆ చెడిన ఫైల్‌నే. ఇల్లు కొత్తగా కట్టినా పాత తాళమే వేసుకున్నట్టు.

లోగో కనిపించే ఆ కొద్ది క్షణాల్లో తెరవెనుక జరిగే పని తక్కువేమీ కాదు. సెట్టింగులు చదవాలి, ఎక్స్‌టెన్షన్లను పిలవాలి, గ్రాఫిక్స్ డ్రైవర్‌తో మాట్లాడాలి, కంప్యూటర్‌లోని ఫాంట్ల జాబితా తయారుచేసుకోవాలి, కిందటిసారి అర్ధాంతరంగా ఆగిన పత్రాలుంటే వాటిని వెలికితీయాలి. వీటిలో ఏ ఒక్కటి తడబడినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే. అందుకే మందు వేసే ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి.

అంతకన్నా ముందు ఒక చిన్న పరీక్ష. ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ కూలిపోయి ఉండదు. కిందటిసారి మూసినప్పుడు పూర్తిగా ఆగక, లోపల ఇంకా నడుస్తూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే లిబ్రేఆఫీస్ గానీ, 'సాఫీస్' అనే పేరు గానీ కనిపిస్తుంది. దానిని అక్కడే ఆపివేసి మళ్లీ తెరిస్తే సరిపోవచ్చు. కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసినా ఇదే ఫలితం ఉంటుంది. పాత చిట్కా అని తీసిపారేయనవసరం లేదు.

సేఫ్ మోడ్ చెప్పే సాక్ష్యం

2024 జూలై 19న ప్రపంచవ్యాప్తంగా విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయిన ఉదంతం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల యంత్రాలు స్తంభించాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మన దేశంలోనూ విమానాశ్రయాల్లో చేతిరాతతో బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. అంతటి సంక్షోభానికి సాంకేతిక సిబ్బంది చేసిన చికిత్స ఏమిటంటే, కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక ఫైల్‌ను తొలగించడం. విండోస్‌ను కొత్తగా వేయాల్సిన అవసరం సాధారణంగా రాలేదు.

ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కూ ఇలాంటి సేఫ్ మోడ్ ఉంది. లిబ్రేఆఫీస్‌లో ఇది 2017లో వచ్చిన 5.3 వెర్షన్‌తో మొదలైంది. విండోస్ స్టార్ట్ మెనూలో 'లిబ్రేఆఫీస్ సేఫ్ మోడ్' అని విడిగా ఒక చిహ్నం ఉంటుంది. ఈ మార్గంలో తెరిస్తే సాఫ్ట్‌వేర్ అసలు ప్రొఫైల్‌ను పక్కనపెట్టి, తాత్కాలికంగా ఓ కొత్త ప్రొఫైల్‌తో పని మొదలుపెడుతుంది. గ్రాఫిక్స్ కార్డు సాయం కూడా తీసుకోదు. ఇలా తెరుచుకుంటే ప్రోగ్రామ్ నిక్షేపంగా ఉందని అర్థం. దోషం ప్రొఫైల్‌లో ఉండాలి, లేదా గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఉండాలి. సేఫ్ మోడ్‌లోనూ తెరుచుకోకపోతే అప్పుడు ప్రోగ్రామ్ ఫైళ్లను, విండోస్‌ను అనుమానించాలి. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమనే పని అసలు అప్పటిది.

గడువు తరుముతున్నవారు ఈ సేఫ్ మోడ్‌లోనే పత్రం తెరిచి, తేదీ సరిదిద్ది, పంపించేయవచ్చు. మరమ్మతు తర్వాత చూసుకోవచ్చు.

తీరిక ఉన్నవారికి, సేఫ్ మోడ్ తెరవగానే వచ్చే పెట్టెలో కొన్ని మార్గాలు కనిపిస్తాయి. బాగా పనిచేసిన రోజుల్లో దాచిన సెట్టింగుల ప్రతి ఉంటే దానికి తిరిగి వెళ్లడం మొదటిది. ఎక్స్‌టెన్షన్లన్నింటినీ నిలిపివేసి చూడటం, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి చూడటం ఆ తర్వాతివి. మొత్తం ప్రొఫైల్‌ను కొత్తగా మార్చేయడం అన్నింటికన్నా చివరిది. చాలామంది నేరుగా ఈ చివరి దానినే ఎంచుకుంటారు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఏం పోయిందో తర్వాత ఎప్పుడో తెలుస్తుంది.

తెలుగులో రాసేవారికి నష్టం ఎక్కువ

ప్రొఫైల్‌లో ఉండేవి రంగులు, మెనూల అమరికలే అయితే పోయినా బెంగ లేదు. వినియోగదారు స్వయంగా చేర్చుకున్న పదకోశం కూడా అందులోనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో రాసేవారు ఒక ఊరి పేరును పదకోశంలో ఒక్కసారి చేర్చుకుంటే చాలావరకు సరిపోతుంది. తెలుగు తీరు వేరు. విభక్తులు, ఇతర ప్రత్యయాలు మాటకు అతుక్కునే వస్తాయి. 'రాజమహేంద్రవరం' చేర్చినంత మాత్రాన 'రాజమహేంద్రవరంలో', 'రాజమహేంద్రవరానికి', 'రాజమహేంద్రవరంలోనే', 'రాజమహేంద్రవరమూ' అన్న రూపాల కింద ఎర్రగీత పోదు. ఒక్కో రూపాన్నీ విడిగా చేర్చుకుంటూ పోవాలి. అనువాదకులు, డీటీపీ ఆపరేటర్లు, పత్రికా రచయితలు ఏళ్ల తరబడి ఇలా పోగుచేసిన మాటల మూట ఒక చిన్న ఫైల్‌లో ఉంటుంది. దానిని తిరిగి తెచ్చిపెట్టగల ఇన్‌స్టాలర్ ఏదీ లేదు.

కాబట్టి ప్రొఫైల్‌ను తొలగించకూడదు, పేరు మార్చాలి. సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసి, 'యూజర్' ఫోల్డర్‌కు 'యూజర్ పాతది' అన్నట్టుగా మరో పేరు పెట్టి, సాఫ్ట్‌వేర్‌ను మామూలుగా తెరిస్తే అది తనంతట తానే కొత్త 'యూజర్' ఫోల్డర్‌ను సృష్టించుకుంటుంది. అది సజావుగా పనిచేస్తే దోషం ప్రొఫైల్‌దేనని రుజువైనట్టే. అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మూసి, పాత ఫోల్డర్ నుంచి కావలసినవి మాత్రమే వెనక్కి తెచ్చుకోవాలి. సొంత పదాలు 'వర్డ్‌బుక్' ఫోల్డర్‌లో, ఆటోకరెక్ట్ జాబితాలు 'ఆటోకార్' ఫోల్డర్‌లో, టెంప్లేట్లు 'టెంప్లేట్' ఫోల్డర్‌లో ఉంటాయి. 'రిజిస్ట్రీ మాడిఫికేషన్స్' అనే పేరుతో ఉండే ఫైల్‌ను మాత్రం తేకూడదు. మార్చుకున్న సెట్టింగులన్నీ నమోదయ్యేది అందులోనే. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోయినప్పుడు సగం రాసి చెడిపోయే అవకాశం ఉన్నదీ అదే. దానిని తెస్తే జబ్బును కూడా వెంటపెట్టుకు వచ్చినట్టే.

సేవ్ చేసిన పత్రాలు ప్రొఫైల్‌లో ఉండవు. అవి 'డాక్యుమెంట్స్' ఫోల్డర్‌లోనో, దాచుకున్న మరో చోటనో భద్రంగా ఉంటాయి. అయితే సేవ్ చేయక ముందే ఆగిపోయిన పత్రాల ఆటోరికవరీ ప్రతులు ప్రొఫైల్‌లోని 'బ్యాకప్' ఫోల్డర్‌లో దొరికే వీలుంది. తొలగించవద్దనడానికి ఇదొక ముఖ్య కారణం.

ఎక్స్‌టెన్షన్లను నిలిపివేస్తే సమస్య తీరినట్టయితే, వాటిని ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుతూ దోషిని పట్టుకోవచ్చు. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపితే తీరినట్టయితే, చూపు గ్రాఫిక్స్ డ్రైవర్ మీదకు మళ్లాలి. 2020 ఆగస్టులో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి లిబ్రేఆఫీస్ విండోస్‌లో అక్షరాలను, బొమ్మలను తెరపై గీయడానికి 'స్కియా' అనే వ్యవస్థను వాడుతోంది. అది గ్రాఫిక్స్ కార్డు సాయం కోరినప్పుడు, పాత డ్రైవర్ ఉన్న యంత్రాల్లో చిక్కులు రావచ్చు. డ్రైవర్‌ను నవీకరించడం సరైన చికిత్స. అది కుదరకపోతే యాక్సిలరేషన్ లేకుండానే వాడుకోవచ్చు. ఉత్తరాలు, నివేదికలు రాసుకునేవారికి తేడా పెద్దగా తెలియదు.

వర్డ్‌లో అసలు చిక్కుముడి

మైక్రోసాఫ్ట్ వర్డ్ విషయంలోనూ సూత్రం ఇదే, పేర్లు వేరు. కంట్రోల్ మీటను నొక్కి పట్టుకుని వర్డ్‌ను తెరిస్తే, సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది. అందులో తెరుచుకుంటే మొదట యాడ్-ఇన్‌లను అనుమానించాలి. పీడీఎఫ్ తయారీ, అనువాదం, గ్రంథసూచి వంటి పనులకు ఇతర సాఫ్ట్‌వేర్లు తమ యాడ్-ఇన్‌లను వర్డ్‌లో చేర్చిపోతుంటాయి. ఆప్షన్స్‌లోని జాబితాలో వాటిని నిలిపివేసి, ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

రెండో అనుమానితుడు 'నార్మల్' అనే టెంప్లేట్. కొత్త ఖాళీ పత్రం ఏ ఫాంట్‌లో, ఏ మార్జిన్లతో మొదలుకావాలో చెప్పే ఈ ఫైల్‌ను వర్డ్ తెరిచిన ప్రతిసారీ చదువుతుంది. 1995లో 'కాన్సెప్ట్' అనే మాక్రో వైరస్ సరిగ్గా ఈ టెంప్లేట్‌లోనే తిష్ఠ వేసి, ఆపై సేవ్ చేసిన పత్రాలకు పాకింది. అన్నీ వచ్చి పోయే దారి కాబట్టి అది దెబ్బతింటే వర్డ్ మొత్తం నిలిచిపోతుంది. ఈ ఫైల్ పేరు మార్చితే వర్డ్ కొత్తదానిని తయారుచేసుకుంటుంది. అయితే అవుట్‌లుక్‌ను కూడా మూసిన తర్వాతే పేరు మార్చాలి. సొంత మాక్రోలు, కీబోర్డ్ షార్ట్‌కట్లు, ఆటోటెక్స్ట్ ఉన్నది పాత ఫైల్‌లోనే కాబట్టి ఇక్కడా తొలగించడం తగదు.

ప్రింటర్‌ను చాలామంది ఊహించరు. పేజీ కొలతల కోసం వర్డ్, ఎక్సెల్ రెండూ డీఫాల్ట్ ప్రింటర్‌ను సంప్రదిస్తాయి. ఆ డ్రైవర్ చెడితే, ప్రింట్ ఇవ్వకపోయినా చిక్కే. విండోస్‌లో ఉండే 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్'ను తాత్కాలికంగా డీఫాల్ట్‌గా పెట్టి చూడటానికి నిమిషం పట్టదు. ఇవేవీ ఫలించకపోతే విండోస్ సెట్టింగులలోని యాప్‌ల జాబితాలో ఆఫీస్‌ను ఎంచుకుని 'మాడిఫై' నొక్కితే మరమ్మతు మార్గాలు కనిపిస్తాయి. ముందు 'క్విక్ రిపేర్', అది చాలకపోతే 'ఆన్‌లైన్ రిపేర్'. రెండోదానికి ఇంటర్నెట్ కావాలి, సమయమూ పడుతుంది.

ఒక తెలుగు అక్షరం చేసిన పని

కొన్నిసార్లు ప్రోగ్రామ్‌లో గానీ సెట్టింగులలో గానీ చెడింది ఏమీ ఉండదు. తెరవగానే అది చదవబోయే పాఠంలోనే చిక్కు ఉంటుంది. ఇందుకు ప్రపంచమంతా చూసిన ఉదాహరణ తెలుగుదే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే, దానిని చూపించబోయిన యాప్ కూలిపోయేది. జకారం, విరామం, ఞకారం, ఆపై అక్షరాలను కలవనివ్వని ఒక అదృశ్య సంకేతం, చివర ఆకారపు గుర్తు అన్న వరుస అది. అక్షరాలను పేర్చి తెరపై గీసే ఆపిల్ వ్యవస్థ ఈ వరుసను తట్టుకోలేకపోయింది. మామూలుగా టైప్ చేసే 'జ్ఞానం'లో ఆ అదృశ్య సంకేతం ఉండదు, కాబట్టి దానితో ఇబ్బంది లేదు. ఆ సందేశం ఉన్న యాప్ తెరిచిన ప్రతిసారీ అదే అక్షరాన్ని చూపించబోయి, ప్రతిసారీ మూతపడేది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి దీనిని సరిదిద్దింది.

ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి విషవలయం ఏర్పడుతుంది. ఒక పత్రం వల్ల కూలిన సాఫ్ట్‌వేర్, మళ్లీ తెరవగానే అదే పత్రాన్ని వెలికితీయబోయి మళ్లీ కూలుతుంది. 'బ్యాకప్' ఫోల్డర్‌కు ఒక ప్రతి తీసి పక్కనపెట్టుకుని, రికవరీ పెట్టెలో ఆ పత్రాన్ని వదిలివేయమని చెబితే వలయం తెగుతుంది. ఆ తర్వాత పత్రాన్ని విడిగా, వీలైతే మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడవచ్చు. కొత్త ఫాంట్ వేసుకున్న రోజు నుంచే సమస్య మొదలైతే, ఆ ఫాంట్‌ను తీసివేసి చూడాలి.

ఇంకా తేలకపోతే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ అనే చిట్టా పనికొస్తుంది. అందులోని 'అప్లికేషన్' విభాగంలో, 1000 సంఖ్యతో ఉండే నమోదులో 'ఫాల్టింగ్ మాడ్యూల్' అనే మాట పక్కన ఒక ఫైల్ పేరు కనిపిస్తుంది. కూలిన క్షణంలో నడుస్తున్న భాగం అది. అది ప్రింటర్‌దో, గ్రాఫిక్స్ కార్డుదో, ఏదైనా యాడ్-ఇన్‌దో అయితే వెతుకులాట చాలావరకు తగ్గుతుంది.

ఆ పేరుతో ఇంటర్నెట్‌లో పరిష్కారం వెతికేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. సాఫ్ట్‌వేర్ సంస్థల సహాయ కేంద్రాలమంటూ మోసగాళ్లు ఫోన్ నంబర్లు ప్రచారంలో పెడుతున్నారు. ఫోన్ చేస్తే, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ వేసుకోమంటారు. అలా మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయక జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేయాలి.

అసలైన అభివృద్ధికారులకే లోపాన్ని నివేదించాలనుకుంటే, లిబ్రేఆఫీస్ సేఫ్ మోడ్ పెట్టెలోనే ప్రొఫైల్‌ను జిప్ ఫైల్‌గా మార్చే ఏర్పాటు ఉంది. అందులో సొంత పదకోశం, సెట్టింగులు, ఇటీవల తెరిచిన పత్రాల పేర్లు కూడా ఉండవచ్చు. పంపే ముందు ఒకసారి తెరిచి చూసుకుని, ఇతరులు చూడకూడనివి తీసివేసి పంపాలి.