గాలపు రాడ్డుకు గైడ్ రింగుల ఎంపిక

ఈ భాగం చదివాక మీరు గైడ్ రింగులు చేసే పనిని వివరించగలుగుతారు. రీలుకు, దారానికి తగిన రింగులను ఎంచుకోగలుగుతారు.

4.3.1 రింగుల పని

రీలు నుంచి బయలుదేరిన దారం రాడ్డు మీద వరుసగా అమర్చిన రింగుల గుండా కొనకు చేరుతుంది. విసిరేటప్పుడు దారం చిక్కుపడకుండా సాగేలా, చేప లాగేటప్పుడు ఆ బరువు రాడ్డు పొడవునా పరుచుకునేలా ఇవి చూస్తాయి. బరువంతా ఒకేచోట పడితే ఖరీదైన రాడ్డయినా విరగవచ్చు. కాబట్టి రింగులను అలంకారంగా భావించకండి.

4.3.2 పరిమాణం

స్పిన్నింగ్ రీలు రాడ్డుకు కింది వైపున ఉంటుంది. విసిరేటప్పుడు దీని చుట్ట తిరగదు. దారం అంచు మీదుగా వలయాలుగా ఊడివస్తుంది. అందువల్ల రీలుకు దగ్గరున్న మొదటి రింగు పెద్దదిగా, ఎత్తుగా ఉండాలి. తరవాతివి క్రమంగా చిన్నవి కావాలి. మొదటిది మరీ చిన్నదైతే దారం దానికి కొట్టుకుని, విసురు దూరం తగ్గుతుంది.

బెయిట్‌కాస్టింగ్ రీలు పైవైపున ఉంటుంది. దీని చుట్ట తిరుగుతుంది కనుక దారం నేరుగా వస్తుంది. చిన్న, పొట్టి రింగులు చాలు. అయితే రాడ్డు వంగినప్పుడు దారం రాడ్డుకు రాసుకునే ప్రమాదం ఇక్కడ ఉంది. కాబట్టి రింగులను దగ్గరగా అమర్చాలి.

రింగు పరిమాణాన్ని తెలిపే 25, 16, 8 వంటి సంఖ్యలు సాధారణంగా బయటి వ్యాసాన్ని సుమారుగా మిల్లీమీటర్లలో సూచిస్తాయి. లోపలి రంధ్రం అంతకంటే చిన్నది. దారానికి మరో దారం ముడివేసి వాడేవారు, ఆ ముడి అన్నిటికన్నా చిన్న రింగులో సులువుగా దూరుతుందో లేదో ముందే చూసుకోవాలి.

4.3.3 పదార్థం

నైలాన్ తంగూసు దారానికి అల్యూమినియం ఆక్సైడ్ రింగులు సరిపోతాయి. సన్నని పోగులతో అల్లిన దారం మెత్తని లోహపు రింగులో గాడి పెట్టగలదు. ఆ గాడి అంచే తరవాత దారాన్ని కోస్తుంది. అల్లిక దారానికి గట్టిదైన సిలికాన్ కార్బైడ్ మేలు. ఇది రాపిడి వేడిని కూడా త్వరగా లాగేస్తుంది. డబ్బు పరిమితమైతే కొన రింగుకు, మొదటి రింగుకు దీన్ని వాడి, మిగిలినవి చౌకవి తీసుకోవచ్చు. వంగిన రాడ్డు మీద దారం పదునుగా మలుపు తిరిగేది కొన దగ్గరే.

సముద్రంలో వాడే రాడ్డుకు ఫ్రేమును కూడా గమనించండి. పైపూత పోయిన మామూలు ఉక్కు తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు నయం. టైటానియం తుప్పు పట్టదు, తేలిక, కానీ ధర ఎక్కువ.

4.3.4 సంఖ్య, అమరిక

రాడ్డు ఎన్ని అడుగులో అన్ని రింగులు, కొన రింగు అదనం అనేది వాడుకలో ఉన్న స్థూల లెక్క. 7 అడుగుల రాడ్డుకు 7, కొనకు 1. ఇది ఆరంభం మాత్రమే. రింగులను టేపుతో తాత్కాలికంగా అంటించి, దారం ఎక్కించి, చివర బరువు కట్టి రాడ్డును వంచి చూడండి. దారం రాడ్డు వంపును అనుసరించాలి. ఎక్కడ కోణంగా విరిగినట్లు కనిపిస్తే అక్కడ రింగును జరపండి. అవసరానికి మించి పెట్టకండి. కొన వైపు పెరిగే కొద్దిపాటి బరువు కూడా రాడ్డును మందకొడిగా చేస్తుంది.

పాత రాడ్డు కొనేటప్పుడు ప్రతి రింగు లోపల దూదిని తిప్పండి. పోగులు పట్టుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే. ఆ రింగును మార్చాకే వాడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్పిన్నింగ్ రాడ్డుకు మొదటి రింగు ఎందుకు పెద్దదిగా ఉండాలి?
2. తంగూసు నుంచి అల్లిక దారానికి మారే వ్యక్తి తన రాడ్డులో ముందుగా ఏ రింగును పరిశీలించాలి? ఎందుకు?