మంట లేని పొయ్యి

ఫ్యూయల్ సెల్‌కు ఇచ్చిన ఇంధనం అంతా అది వాడుకోదు. వాడుకోకూడదు కూడా. 700-800 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేసే సాలిడ్ ఆక్సైడ్ సెల్‌నే తీసుకుందాం. ఇంధనంలో సుమారు 80 శాతం కరెంటు పుట్టించడానికి ఖర్చయ్యాక మిగతాది వదిలేస్తారు. దాన్ని కూడా పిండుదామని చూస్తే, ఇంధనం అందనిచోట ఆనోడ్‌లోని నికెల్ ఆక్సిజన్‌తో కలిసి ఉబ్బుతుంది, పక్కనున్న పలచటి సిరామిక్ పొర పగులుతుంది.

మిగిలిన వాయువును ఊరికే వదలడానికి లేదు. అందులో హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వెలిగిద్దామంటే అప్పటికే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ చేరి పలచబడిపోయింది, మంట నిలవదు. నిలపడానికి ఇంకాస్త ఇంధనం పోస్తే వేడి శ్రుతిమించి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి.

ఇక్కడే ఉత్ప్రేరక బర్నర్ అవసరం. చూడడానికి సన్నటి రంధ్రాలు బారుగా ఉన్న సిరామిక్ దిమ్మ. రంధ్రాల గోడలకు అల్యూమినా పూత, అందులో ప్లాటినం, పల్లాడియం రేణువులు. ప్లాటినం మీద వాలిన ఆక్సిజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోతుంది, హైడ్రోజన్‌దీ అదే దారి. విడిపోయినవి అక్కడికక్కడే కలిసి నీరవుతాయి, వేడి పుడుతుంది, మంట మాత్రం ఉండదు. మామూలుగా హైడ్రోజన్ తనంతట తాను అంటుకోవాలంటే 500 డిగ్రీలు దాటాలి, ప్లాటినం మీద గది ఉష్ణోగ్రతలోనే చర్య మొదలవుతుంది. మీథేన్ మొండి ఘటం, దానికి ముందు బాగా వేడి చూపించాలి.

సంగతి కొత్తదేం కాదు. గని దీపాల మీద పనిచేసిన హంఫ్రీ డేవీ 1817లోనే, వేడి ప్లాటినం తీగ బొగ్గువాయువు, గాలి కలిసిన మిశ్రమంలో మంట లేకుండా వెలగడాన్ని ప్రకటించాడు. 1823లో జర్మనీలో డోబరైనర్ ప్లాటినం మీదికి హైడ్రోజన్ ధార వదిలి దీపం ముట్టించే పరికరమే చేశాడు.

ఇంతకీ బర్నర్‌లో పుట్టిన వేడి ఎక్కడికి పోతుంది? కొంత లోపలికొచ్చే గాలిని కాస్తుంది, కొంత నీటిని ఆవిరి చేస్తుంది. సహజవాయువుతో నడిచే వ్యవస్థల్లో మీథేన్‌ను ఆవిరితో కలిపి హైడ్రోజన్‌గా మార్చాలి, ఆ చర్య మోల్ మీథేన్‌కు 206 కిలోజౌళ్ల వేడి మింగుతుంది. బెల్లం వండేచోట రసం తీసిన పిప్పినే ఎండబెట్టి పెనం కింద వేసినట్టు, సెల్ వదిలేసిన వాయువే దాని తర్వాతి ఇంధనాన్ని వండుతుంది. ఫ్యూయల్ సెల్ అనగానే అందరూ స్టాక్ గొప్పలే, అంటే సెల్‌లను దొంతరగా పేర్చిన భాగం గొప్పలే చెబుతారు. నాకైతే అసలు పనితనం ఈ బర్నర్ డబ్బాలోనే ఉందనిపిస్తుంది.

చిక్కల్లా కరెంటు వాడకం ఒక్కసారిగా పడిపోయినప్పుడు. స్టాక్ తినని ఇంధనమంతా బర్నర్ మీద పడి వేడి ఎగబాకుతుంది. అలా మితిమీరి కాగితే ప్లాటినం రేణువులు ఒకదాంట్లో ఒకటి కలిసి పెద్దవవుతాయి, చర్య జరిగే ఉపరితలం తగ్గిపోతుంది. అందుకే ఇంధనం తగ్గించేలోగా అదనపు గాలి పంపి చల్లారుస్తారు.